అమ్మను జెద్దా పంపాలా, ఆపాలా? మెర్స్ వార్తల మధ్య ఒక తమ్ముడికి నా జవాబు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీది మిర్యాలగూడ. జెద్దాలో ఉన్న మీ అక్కకు ఎనిమిదో నెల, ఇంట్లో ఇప్పటికే నాలుగేళ్ల పాప ఉంది. ఇన్ని నెలలు నిండాక మీ అక్క విమానం ఎక్కి ఇక్కడికి రావడం కష్టం కాబట్టి అమ్మే వెళ్లాలి. అమ్మకు అరవై ఏళ్లు, పదేళ్లుగా షుగర్. ప్రయాణం మూడు వారాల్లో ఉంది. ఈలోగా సౌదీలో మళ్లీ మెర్స్ (ఒంటెల నుంచి మనిషికి వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) కేసులంటూ వాట్సాప్‌లో ఏదో వచ్చింది. "అది సోకితే నూటికి ముప్పై అయిదు మంది చనిపోతారట, ఎందుకు పంపడం" అని పెద్దనాన్న అంటున్నాడు. "కాన్పుకు తల్లి లేకుండా ఎట్లా" అని చిన్నమ్మ అంటున్నది. మధ్యలో నీకు నిద్ర పట్టడం లేదు.

ముందే నా మాట చెప్పేస్తా. అమ్మ వెళ్లొచ్చు. కానీ దవాఖానలో మీ అక్క మంచం పక్కన కూర్చోవడానికి కాదు. ఇంట్లో ఉండి పాపను చూసుకోవడానికి, వంట చేసి పంపడానికి, బాలింత ఇంటికి వచ్చాక తల్లినీ బిడ్డనూ చూసుకోవడానికి. దవాఖాన పనంతా మీ బావ చూసుకోవాలి. ఈ ఒక్క షరతుకు ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే టికెట్ ఉంచండి. "అంత దూరం పోయి కాన్పు గది బయట కూడా నిలబడనా" అని అమ్మ పట్టుబడితే తేదీ మార్చండి, కాన్పయి మీ అక్క ఇంటికి చేరాక పంపండి.

ఎందుకు ఇట్లా చెప్తున్నానో వివరంగా రాస్తా. నేను పదకొండేళ్లు జెద్దాలో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. 2014 వేసవికి ముందు అక్కడ మెర్స్ కేసులు ఒక్కసారిగా పెరిగినప్పుడు వార్డులోనే ఉన్నాను.

మెర్స్‌ను మొదట గుర్తించింది 2012లో, సౌదీలోనే. కరోనా జాతి వైరస్. ఒంటెల్లో ఉంటుంది, ఒంటెల దగ్గర మసిలే మనిషికి వస్తుంది. ఆ మనిషి నుంచి ఇంకొకరికి రావాలంటే బాగా దగ్గరగా, ఎక్కువసేపు ఉండాలి. మన కోవిడ్ లాగా బజారులో, బస్సులో అంటుకుంటూ పోయే రకం కాదు. ఇన్నేళ్లలో ప్రపంచం మొత్తంలో నమోదైన కేసులు 2,600 పైచిలుకు. వాటిలో నూటికి ఎనభైకి పైగా సౌదీవే అయినా, జెద్దా బజార్లలో తిరిగే లక్షల మందికి అది రాలేదు. మరి ఎవరికి వచ్చింది? ఒంటెల కాపరులకు, వాళ్ల ఇంటివాళ్లకు, అన్నిటికంటే ముఖ్యంగా దవాఖానల్లో ఉన్నవాళ్లకు. రోగులకు, నర్సులకు, చూడవచ్చిన చుట్టాలకు.

2014 ఏప్రిల్‌లో మా వార్డు ఎట్లా ఉండేదో ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. డ్యూటీ దిగి ఎన్95 మాస్కు తీస్తే ముక్కు మీద ఎర్రటి గీత, రెండు మూడు గంటలు పోయేది కాదు. గౌను తొడుక్కోవడం సులువే, విప్పడమే కష్టం. ముందు గ్లవ్స్, తర్వాత చేతులు కడగడం, తర్వాత గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టి పడేయడం, మళ్లీ చేతులు కడగడం. మేం ఇద్దరిద్దరం నిలబడి ఒకరు విప్పుతుంటే ఇంకొకరు చూసేవాళ్లం, తొందరలో చెయ్యి ముఖం మీదికి పోకుండా. అంత శిక్షణ ఉన్నవాళ్లకే పొరపాట్లు జరిగాయి. ఇక నర్సింగ్ తెలియని, షుగర్ ఉన్న అరవై ఏళ్ల అమ్మ అదే వరండాలో స్టీలు టిఫిన్ పట్టుకుని రోజుకు ఆరు గంటలు కూర్చుంటే? నా భయం విమానం గురించి కాదు, జెద్దా ఊరి గురించి కాదు. ఆ వరండా గురించి.

2015లో దక్షిణ కొరియాలో ఏమైందో చూడు. గల్ఫ్ దేశాలు తిరిగి ఇంటికి చేరిన ఒక పెద్దాయనకు జ్వరం వచ్చింది. ఒక దవాఖాన, ఇంకో దవాఖాన, మరొకటి, ఇట్లా తిరిగాడు. ఆ ఒక్కరి నుంచి మొదలై 186 మందికి సోకింది, 38 మంది చనిపోయారు. ఊళ్లలో, బజార్లలో కాదు, దాదాపు అంతా దవాఖానల్లోనే. అక్కడ కూడా మనలాగే రోగి పక్కన ఇంటివాళ్లు ఉండి సేవ చేస్తారు, చుట్టాలు వచ్చి పలకరిస్తారు, ఎమర్జెన్సీ వార్డు కిక్కిరిసి ఉంటుంది. నల్లగొండలో ఒక మనిషి అడ్మిట్ అయితే యాపిల్ పండ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు పట్టుకుని ఎంతమంది వస్తారో నీకు తెలుసు. మనవాళ్ల ప్రేమ అట్లా ఉంటుంది. ఈ జబ్బుకు మాత్రం ఆ ప్రేమే దారి.

ఇక పెద్దనాన్న చెప్పిన ముప్పై అయిదు. ఆయన అన్న అంకె తప్పు కాదు, నమోదైన కేసుల్లో దాదాపు అంత శాతం చనిపోయారు. కానీ దవాఖానకు వచ్చి, పరీక్ష చేయించుకున్నవాళ్లే ఆ లెక్కలో ఉంటారు. చిన్న జ్వరంతో ఇంట్లోనే తగ్గిపోయినవాళ్లను ఎవరూ లెక్కపెట్టలేదు. ఏ కొత్త జబ్బుకైనా మొదట్లో ఇంతే. 2009లో స్వైన్ ఫ్లూ మెక్సికోలో బయటపడినప్పుడు కూడా మొదట లెక్కకు వచ్చింది తీవ్రంగా ఉన్నవాళ్లే కాబట్టి చావుల శాతం భయంకరంగా కనిపించింది. మే నెలలో మన దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లోనే తేలింది, మనం అందరం వణికిపోయాం. తర్వాత స్వల్పంగా వచ్చి తగ్గినవాళ్లు కూడా లెక్కలోకి వచ్చేసరికి ఆ శాతం బాగా తగ్గింది.

అయితే ఈ మాట చెప్పి నిన్ను ఊరుకోబెట్టను. మెర్స్ తీవ్రంగా పట్టేది పెద్ద వయసువాళ్లను, షుగర్, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవాళ్లను. మీ అమ్మ ఆ వరుసలోనే ఉంది. టీకా లేదు, ప్రత్యేకమైన మందు లేదు. సోకే అవకాశం చాలా తక్కువ, సోకితే మాత్రం ఆమెకు మామూలు మనిషి కంటే ఎక్కువ ప్రమాదం. ఈ రెండూ ఒకేసారి నిజం. పెద్దనాన్న రెండోదాన్ని చూస్తున్నాడు, చిన్నమ్మ మొదటిదాన్ని చూస్తున్నది. అందుకే ఇద్దరికీ పొసగడం లేదు.

నువ్వు ఇప్పుడు తెలుసుకోవాల్సింది కేసులు ఎన్ని అని కాదు, అవి ఎక్కడివి, ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా అని. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి కేసుల మీద వివరంగా ప్రకటనలు ఇస్తుంది, సౌదీ ఆరోగ్య శాఖ కూడా చెబుతుంది. మీ బావ అక్కడి నుంచి 937 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు, అది వాళ్ల ఆరోగ్య శాఖ హెల్ప్‌లైన్. ఒక కేసు ఒక ప్రాంతంలో, ఇంకోటి ఇంకో మూల, ఇద్దరికీ ఒంటెలతో సంబంధం ఉందంటే, ఏటా అక్కడ ఉండేదే. ప్రయాణం ఆపక్కర్లేదు. జెద్దాలోనే ఏదో దవాఖానలో నర్సులకు, రోగులకు వరుసగా వచ్చిందంటే మాత్రం అమ్మను ఇక్కడే ఆపండి, కాన్పయ్యాకే మాట్లాడండి. అది మీ అక్క పేరు రాయించుకున్న దవాఖానే అయితే ముందు మార్చాల్సింది అమ్మ టికెట్ కాదు, మీ అక్క దవాఖాన. ఎట్లాగూ డయాలసిస్, పెద్ద ఐసీయూ, ఎమర్జెన్సీ అన్నీ ఒకేచోట ఉన్న పెద్ద దవాఖాన కంటే, కాన్పులకు విడిగా బిల్డింగు, విడిగా దారి ఉన్నది నాకు ఇష్టం. బీపీ లాంటి ఇబ్బందులు ఉంటే మాత్రం డాక్టర్ చెప్పిన చోటే కాన్పు కావాలి, అందులో వాదన పెట్టుకోవద్దు.

ఒంటెల సంగతి ఇంకొకటి ఉంది. "షుగర్‌కు ఒంటె పాలు మంచివి" అని అక్కడ ఎవరో ఒకరు అమ్మకు తప్పకుండా చెప్తారు. ఊరి బయట రోడ్డు పక్కన అప్పుడే పితికి అమ్ముతారు కూడా. సెలవు రోజున పాపను ఒంటెలు చూపించడానికి తీసుకెళ్లి, అమ్మకు ఒక గిన్నె తాగిస్తారు. పచ్చి పాలు వద్దు, ఒంటెలను ముట్టడం వద్దు. బాగా కాచిన పాలతో, ఉడికిన మాంసంతో భయం లేదు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అమ్మకు నేరుగా చెప్పు, బావకు కూడా చెప్పు.

ఇప్పుడు ఇంకా ముఖ్యమైన సంగతి. చాలామంది వెళ్లడం గురించే ఆలోచిస్తారు. నేను ఎవరికైనా చెప్పేది తిరిగి రావడం గురించి ఆలోచించమని. వెళ్లడానికి టికెట్ ఉంటే చాలు. అక్కడ ఇరుక్కుపోతే ఎట్లా, వచ్చాక ఎవరి మధ్యకు వస్తున్నాం అన్న రెండూ తేల్చుకోకుండా టికెట్ కొనకూడదు.

నాకు జరిగింది చెప్తా. 2014 మే నెలలో మా చెల్లె పెళ్లికి సెలవు మీద నల్లగొండ వచ్చాను. జెద్దాలో బయలుదేరే రోజు నాకు ఏ లక్షణమూ లేదు, శంషాబాద్‌లో దిగినప్పుడూ లేదు. మూడో రోజు రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు. పెళ్లి ఇంకా రెండు రోజులుంది. పొద్దున్నే ఒక ప్రైవేటు దవాఖానకు వెళ్లి, చీటీ రాసే అబ్బాయికి "జెద్దా నుంచి వచ్చాను, అక్కడ నర్సును, జ్వరం ఉంది" అని స్పష్టంగా చెప్పాను. అతను టోకెన్ ఇచ్చి కూర్చోమన్నాడు. హాలులో నలభై మంది ఉన్నారు. నా పక్కన కుర్చీలో ఒక ముసలాయన, చేతిలో షుగర్ రిపోర్టు పట్టుకుని దగ్గుతున్నాడు. నేను అక్కడ రెండు నిమిషాలు కూడా కూర్చోలేకపోయాను. బయటికి వచ్చి వేపచెట్టు కింద నిలబడి, తెలిసిన డాక్టర్‌కు ఫోన్ చేశాను. ఆయన చెప్పినట్టు ఇంటికి వెళ్లి మిద్దె మీది గదిలో తలుపు వేసుకున్నాను. అమ్మ మెట్ల మీద అన్నం గిన్నె పెట్టి కిందికి దిగిపోయాక నేను తీసుకునేదాన్ని. మనుషులు వచ్చి శాంపిల్ తీసుకెళ్లారు. పెళ్లి బాజాలు గదిలోంచే విన్నాను. అప్పగింతలప్పుడు చెల్లె పసుపు బట్టల్లోనే మెట్ల దగ్గరికి వచ్చి పైకి చూసింది. నేను కిటికీ తెరవలేదు. తర్వాత రిపోర్టు నెగెటివ్ వచ్చింది, మామూలు ఫ్లూ. ఇప్పటికీ మా చెల్లె ఆల్బంలో నేను లేను. కానీ పెళ్లికి వచ్చిన ఆరు వందల మందిలో మా నానమ్మ ఉంది, కిడ్నీ జబ్బున్న మా మామ ఉన్నాడు. మళ్లీ అట్లాంటి పరిస్థితి వస్తే మళ్లీ ఆ గదిలోకే పోతాను.

విమానాశ్రయంలో టెంపరేచర్ చూస్తారు కదా అని ధైర్యం పెట్టుకోవద్దు. ఆ యంత్రం జ్వరాన్ని చూస్తుంది, ఒంట్లో కూర్చుని ఇంకా బయటపడని వైరస్‌ను చూడదు. మెర్స్‌కు సోకిన రోజు నుంచి బయటపడడానికి రెండు నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. 2003లో సార్స్ వచ్చినప్పుడు చైనా నుంచి వచ్చిన ఒక డాక్టర్ హాంకాంగ్‌లో ఒక హోటల్ తొమ్మిదో అంతస్తులో దిగాడు. అదే హోటల్‌లో ఉన్న అతిథులు ఆ జబ్బును వియత్నాం, సింగపూర్, కెనడాలకు మోసుకెళ్లారు. తమకు సోకిందని వాళ్లెవరికీ తెలియదు.

కాబట్టి అమ్మ తిరిగి వచ్చాక రెండు వారాలు ఎట్లా ఉంటుందో ఇప్పుడే అనుకోండి. మనుమడినో మనుమరాలినో చూసి వచ్చిందంటే వాడకట్టు వాడకట్టంతా ఇంటికి వస్తుంది. ఫోటోలు ఫోన్‌లో చూపించమను. పెళ్లిళ్లు, దావత్‌లు, ముఖ్యంగా దవాఖానలో ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్లడం, ఆ రెండు వారాలు వద్దు. జ్వరం, దగ్గు వస్తే నేరుగా ఏ క్లినిక్‌కూ పోవద్దు. ముందు 104కి గానీ, మీ డాక్టర్‌కు గానీ ఫోన్ చేసి, మొదటి మాటే "సౌదీ నుంచి ఫలానా తేదీన వచ్చాం" అని చెప్పాలి. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు.

ఇరుక్కుపోవడం సంగతి 2020లో చూశాం. మార్చి 22 నుంచి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న, అవీ అందరికీ వెంటనే దొరకలేదు. నేను అప్పటికే ఇంటికి వచ్చేశాను, కానీ నా నంబరు తెలిసినవాళ్లంతా ఫోన్ చేసేవారు. దేవరకొండ వైపు నుంచి కొడుకు దగ్గరికి వెళ్లిన ఒక పెద్దమ్మ తెచ్చుకున్న బీపీ మాత్రలు అయిపోయాయి. అక్కడి మెడికల్ షాపులో మన కంపెనీ పేరు చెప్తే ఎవరికీ తెలియలేదు. ఖాళీ అయిన మాత్రల షీటును ఫోటో తీసి నాకు పంపితే, దాని మీద ఉన్న అసలు మందు పేరు చదివి చెప్పాను. అప్పుడు దొరికింది. అదే రోజు ఆమె బీపీ 190 ఉంది.

అందుకని అమ్మకు మూడు నెలల ప్రయాణమైతే అయిదు నెలల మాత్రలు పెట్టండి, డాక్టర్ చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు పేరు ఇంగ్లిషులో రాయించండి. కొన్ని నొప్పి మాత్రలకు, నిద్ర మాత్రలకు అక్కడ చాలా కఠినమైన నిబంధనలు ఉన్నాయి. చీటీ లేకుండా ఏదీ పెట్టొద్దు. మందులన్నీ చేతి సంచిలోనే ఉండాలి, ఇన్సులిన్ ఉంటే మరీ. విజిట్ వీసా గడువు ఎప్పటిదాకా, పొడిగించాల్సి వస్తే మీ బావ అబ్షర్‌లో (సౌదీ ప్రభుత్వ ఆన్‌లైన్ సేవల యాప్) ఎట్లా చేయాలి అన్నది ఆయన ఇప్పుడే చూసి పెట్టుకోవాలి. జెద్దాలో మన కాన్సులేట్ నంబరు ఫ్రిజ్ మీద అతికించమను. అనుకున్నదానికంటే రెండు నెలలు ఎక్కువ ఉండాల్సి వస్తే ఇక్కడ నాన్నకు ఎవరు వండిపెడతారు అన్నది కూడా మాట్లాడుకోండి. ఇట్లాంటి చిన్న లెక్కలు కుదరకే మనుషులు తొందరపడి రిస్కు తీసుకుంటారు.

డబ్బు సంగతి త్వరగా చెప్తా. టికెట్ రద్దు చేస్తే ఎంత పోతుంది, తేదీ మారిస్తే ఎంత అన్నది ఏజెంటును ఈరోజే అడుగు. చాలాసార్లు మార్చుకోవడమే చవక. ఇన్సూరెన్సు ఉంది కదా అనుకోవద్దు. జబ్బు వార్తల్లోకి వచ్చాక కొన్న పాలసీ, ఆ జబ్బు భయంతో ప్రయాణం మానుకుంటే సాధారణంగా డబ్బు ఇవ్వదు. ముందు నుంచే షుగర్ ఉన్నవాళ్లకు వేరే మెలికలు ఉంటాయి. ఎపిడెమిక్ అన్న పదం పాలసీ కాగితంలో ఎక్కడుందో వెతికి, ఆ పేరా మొత్తం చదువు.

మూడు వారాల టైం ఉంది కాబట్టి ఈ వారమే రెండు పనులు చేయండి. ఒకటి, అమ్మకు మూడు నెలల షుగర్ సగటు పరీక్ష, హెచ్‌బిఎ1సి. రెండు, డాక్టర్‌ను అడిగి ఫ్లూ టీకా. అది మెర్స్‌ను ఆపదు. కానీ ఫ్లూ జ్వరం వచ్చి, అది మెర్స్ ఏమోనని అందరూ హడలిపోయి దవాఖానకు పరుగెత్తే పరిస్థితి తగ్గుతుంది. టీకా పనిచేయడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది, అందుకే ఆలస్యం వద్దు.

ఇది చదివే వేరేవాళ్ల కోసం కూడా ఒక మాట. నేను చెప్పింది మెర్స్‌కు, అదీ ఈ అమ్మకు. జబ్బు మారితే జవాబు మారుతుంది. జికా లాంటిది దోమతో వస్తుంది, గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. అది ఉన్న చోటికి అరవై ఏళ్ల అమ్మ వెళ్లడం వేరు, కడుపుతో ఉన్న కూతురు వెళ్లడం వేరు. ఎబోలా రోగి ఒంటి ద్రవాలను తాకితే వస్తుంది, బయటపడడానికి 21 రోజులదాకా పడుతుంది. శవాన్ని కడిగే ఆచారాల దగ్గర కూడా చాలామందికి సోకింది. గాలిలో సులువుగా పాకేది అయితే ఎంత జాగ్రత్తగా ఉన్నా లాభం కొంతే, ఆగగలిగిన ప్రయాణం ఆపుకోవడమే మేలు. ఉమ్రాకు వెళ్లేవాళ్లు మెనింజైటిస్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆఫ్రికా వెళ్లేవాళ్లు చాలా దేశాలకు ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపాలి, హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఏ జబ్బైనా ముందు అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒకటే, ఇది ఎట్లా అంటుకుంటుంది, నేను వెళ్లే పని నన్ను ఆ దారిలో నిలబెడుతుందా అని.

చివరగా, తమ్ముడూ, నువ్వు రాసినదాంట్లో పెద్దనాన్న మాట ఉంది, చిన్నమ్మ మాట ఉంది, నీ టెన్షన్ ఉంది. అమ్మ ఏమంటున్నదో ఒక్క ముక్క లేదు. 2014లో "ఉద్యోగం పోతే పోయింది, వచ్చెయ్" అని మా అమ్మ రోజూ ఫోన్‌లో ఏడ్చేది. నేను ఏమనుకుంటున్నానో అడిగింది నెల తర్వాతే. అప్పటిదాకా మేమిద్దరం ఒకరినొకరం భయపెట్టుకున్నాం. ఈ రాత్రి అన్నం తిన్నాక అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఇదంతా నిదానంగా చదివి వినిపించు. దవాఖాన లోపలికి పోకూడదన్న షరతు దగ్గర ఆగి, ఆమె ముఖం చూడు. ఒప్పుకుంటే మనస్ఫూర్తిగా ఒప్పుకుందో, నీ కోసం తల ఊపిందో నీకే తెలుస్తుంది. తర్వాత మీ అక్కకు వీడియో కాల్ చేసి, ముగ్గురూ ఒకేసారి మాట్లాడుకోండి.

షుగర్ రిపోర్టు రాగానే ఆ అంకె నాకు రాయి. తొమ్మిది దాటి ఉంటే తేదీ మార్చమనే చెప్తాను, ముందు అది తగ్గించుకుందాం.